మొదట చదివేది ఎవరు?

దసరా సెలవులు ఇచ్చే ముందురోజు మా స్టాఫ్‌రూములో ఏటా ఒక సంభాషణ జరుగుతుంది. "సెలవుల్లో చదవటానికి ఏదన్నా మంచి పుస్తకం చెప్పండి మాస్టారూ" అని ఎవరో ఒకరు అడుగుతారు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనక ఆ ప్రశ్న నావైపే వస్తుంది. నేను రెండు మూడు పేర్లు చెబుతాను. ఆ పేర్లు నాకు మరెవరో చెప్పినవి. వాళ్లకు ఇంకెవరో చెప్పినవి. ఈ వరస వెంట వెనక్కి నడుచుకుంటూ పోతే, ఎక్కడో ఒకచోట, ఎవరూ చెప్పకుండానే ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్న మనిషి ఒకడు తగిలి తీరాలి. ఆ మనిషి దాన్ని చదివేటప్పుడు అది మంచిదో చెడ్డదో అతనికి తెలియదు. రచయిత పేరు వినలేదు. చదివిన రెండు గంటలూ వృథా కావచ్చు. అయినా చదివాడు. తరవాత చదివిన వాళ్లందరం అతని కష్టం మీద బతుకుతున్నవాళ్లమే.

ఇతరుల శ్రమ మీద బతికేవాళ్లను గురించి మనం చాలా రాస్తాం, చాలా మాట్లాడతాం. ఈ విషయంలో మన సంగతి ఏమిటి? పేరు వినని పత్రికను, ఎవరూ మెచ్చుకోని రచయితను చదవటం అభిరుచికి సంబంధించిన విషయమా, లేక మనం తీర్చవలసిన బాకీయా? ఇది సాహిత్యప్రశ్న అనుకుని నేను చాలాకాలం పక్కన పెట్టాను. ఇది నీతిప్రశ్న అని ఇప్పుడు అనుకుంటున్నాను. అలా అనుకోవటానికి కారణాలున్నాయి. వాటిలో ఒకటి చెప్పుకోవటానికి సిగ్గుగా కూడా వుంది.

ముందు ఈ రుతువు సంగతి. ఆశ్వయుజం, కార్తికం వచ్చేసరికి మనదేశంలో చాలా భాషల్లో పత్రికలకు పండుగ వస్తుంది. మరాఠీలో దీపావళి సంచికల సంప్రదాయం 1909లో కాశీనాథ్ రఘునాథ్ మిత్ర "మనోరంజన్" పత్రికతో మొదలయింది. వంగదేశంలో దుర్గాపూజ సంచిక రానిదే పూజ వచ్చినట్టు కాదు. ఒక్కొక్క సంచికలో నాలుగైదు పూర్తి నవలలు వుంటాయి. మనకూ ఆ రోజులుండేవి. వడ్డాది పాపయ్య బొమ్మలతో వచ్చిన "యువ" దీపావళి సంచికలను ఇప్పటికీ పెట్టెల్లో దాచుకున్నవాళ్లున్నారు. వారపత్రికల దీపావళి సంచికలకు కథల పోటీలు, బహుమతులు వుండేవి.

శరత్తుకూ చదువుకూ ఈ సంబంధం వెన్నెలవల్ల వచ్చిందని కవులు చెప్పవచ్చు. బోనసులవల్ల వచ్చిందని నేనంటాను. పండుగకు ముందు ఉద్యోగుల చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. ఆ డబ్బుకోసం చీరల కొట్లూ, నగల దుకాణాలూ, సబ్బుల కంపెనీలూ ప్రకటనలిస్తాయి. ఆ ప్రకటనలను మొయ్యటానికి లావుపాటి సంచికలు కావాలి. ఆ లావు నింపటానికి కథలు కావాలి. మన రైతు చేతికి అప్పటికి డబ్బు రాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా పంట కార్తికమాసానికి ఇంకా చేలోనే వుంటుంది. కోతలు, నూర్పిళ్లు అయి గింజ ఇంటికి చేరేది సంక్రాంతికి. అంచేత దీపావళి సంచిక నెలజీతగాడి పండుగ. పల్లెటూరి వాడికి పుస్తకం చేరాలంటే దానికి ప్రకటనల డబ్బు చాలదు, ఎవరో ఒకరు పనిగట్టుకు మోసుకుపోవాలి. 1935లో పాతూరి నాగభూషణం కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపాడంటే, నెలజీతం రానివాడికి కూడా చదివే హక్కు వుందని అనుకోబట్టే. ఆ మాట ఇప్పుడు గ్రంథాలయ వారోత్సవాల ఉపన్యాసాల్లో ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా వినబడుతుంది. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను మాత్రం గ్రంథాలయాలకు పూర్తిగా చేరటం లేదన్న ఫిర్యాదు ఆ వారంలోనూ వినబడుతుంది, మిగిలిన యాభైయొక్క వారాల్లోనూ వినబడుతుంది.

ప్రత్యేక సంచికలను నేను నిందించటం లేదు. రచయితకు నాలుగు డబ్బులు ఇచ్చినవి అవే. కాని అవి ఎవరి రచనలను వేస్తాయి? అప్పటికే పేరున్నవాళ్లవి. ప్రకటనదారు ఊరూ పేరూ లేనివాడి పక్కన తన చీరను వేయించుకోడు. మరి ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? సునీల్ గంగోపాధ్యాయ మొదటి నవల 1960లలో "దేశ్" పూజ సంచికలో వచ్చింది. కాని ఆయన 1953 నుంచే మిత్రులతో కలిసి "కృత్తివాస్" అనే చిన్న కవితాపత్రిక నడిపాడు. దాన్ని కొనుక్కుని చదివిన కొద్దిమంది కుర్రాళ్లు లేకపోతే పెద్ద పత్రిక ఆయన ఇంటి తలుపు తట్టేదా? పెద్ద పత్రిక చిన్నపత్రిక పండించినదాన్ని కళ్లంలో కొంటుంది. దున్నిందీ, విత్తిందీ వేరేవాళ్లు.

మనలో కూడా అలా దున్నినవాడు ఒకడున్నాడు. కొంపెల్ల జనార్దనరావు "ఉదయిని" అనే పత్రిక నడిపాడు. అది ఎంతోకాలం సాగలేదు. ఆయనా ఎంతోకాలం బతకలేదు, 1937లో పోయాడు. 1950లో "మహాప్రస్థానం" పుస్తకంగా వచ్చినప్పుడు శ్రీశ్రీ దాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మన కాలపు అన్నింటికన్నా పెద్ద పుస్తకం, నడవలేక ఆగిపోయిన పత్రిక సంపాదకుడి పేరు మోస్తూ వుంది. మనం ఆ పుస్తకాన్ని నలభై ముద్రణలయినా కొంటాం. "ఉదయిని" లాంటిది ఇవాళ పోస్టులో వస్తే కవరు చింపుతామా?

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

తెలుగులో మొదటి ఆధునిక కథ గురజాడ "దిద్దుబాటు" అనీ, 1910 ఫిబ్రవరిలో "ఆంధ్రభారతి"లో అచ్చయిందనీ నేను చదువుకున్నాను. ఉద్యోగంలో చేరాక మూడేళ్లపాటు అదేమాట క్లాసులో చెప్పాను. పరీక్షలో అది రాసినవాళ్లకు మార్కులు వేశాను. కాని భండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" అనే కథ "హిందూసుందరి" పత్రికలో 1902 నవంబరులోనే వచ్చింది. అది సరిగా ఈ రుతువు కథ. దీపావళి ముందురోజులు, ఇంట్లో లేమి, పరాయిసొమ్ము మీదికి పోయిన భర్త చెయ్యి, దాన్ని ఆపిన భార్య. ఇది మొదటి కథ అవునా కాదా అని పండితులు వాదించుకోవచ్చు. ఏది కథ, ఏది నీతిగాథ, ఏది ఆధునికం అని గీతలు గీసుకోవచ్చు. నాకు ఆ వాదంలో పెద్ద ఆసక్తి లేదు. అచ్చమాంబ 1905లో ముప్ఫై ఏళ్లకే చనిపోయింది. ఆమె కథలు ఇంచుమించు శతాబ్దం పాటు పాత సంచికల్లో పడివున్నాయి. ఇటీవలి పరిశోధకులు వెతికి తీసేదాకా మా సిలబసుకు వాటి వునికే తెలియదు. ఎందుకని?

ఎవరూ చదవకనా? కాదు. "హిందూసుందరి" ఆడవాళ్లు చదువుకున్న పత్రిక. ఆ కథను 1902లో ఎందరో స్త్రీలు చదివేవుంటారు. వంటింట్లో కూచుని పక్కింటావిడకు వినిపించి వుండవచ్చు. అంటే మొదటి పాఠకులు వున్నారు. కాని వాళ్ల మాటను ఎవరూ అడగలేదు. సాహిత్యచరిత్ర రాసినవాళ్లు ఆ వంటింటిదాకా రాలేదు. "దిద్దుబాటు" అచ్చయిన "ఆంధ్రభారతి" కూడా కొద్దికాలం నడిచిన పత్రికే. కాని గురజాడ వెనక మాట చెల్లుబడి అయ్యే మనుషులున్నారు. సభలున్నాయి, తరవాత పాఠ్యపుస్తకాలున్నాయి, మన వుద్యమం కూడా వుంది. గురజాడ గొప్పతనం ఇందువల్ల తగ్గదు. కాని గొప్పతనం తనంతట తనే వెలుగుతుందనే నమ్మకం మాత్రం తగ్గాలి. అది తనంతట వెలగదు. ఎవరో ఒకరు చదివి, పైకి చెప్పాలి. చెప్పినవాడి మాటకు లోకంలో కాస్త విలువ వుండాలి. ఈ మూడూ కలిస్తేగాని పుస్తకం బతకదు.

అలాగయితే మొదట చదవటమనే బాకీ అందరిదీ ఒకటి కాదన్నమాట. ఈ సంగతి నాకు నా మిత్రుడొకడు తేల్చి చెప్పాడు. అతను బస్సు డిపోలో మెకానిక్కు. నైటుడ్యూటీలు చేస్తాడు. యూనియన్ పని చూస్తాడు. మా ఇంటికొచ్చి పుస్తకాలు పట్టుకుపోతాడు. కొత్తవాళ్లను చదవాలని నేను అతనికి ఉపన్యాసం ఇచ్చాను. అతను శాంతంగా విని, "నాకు నెలకు ఒక పుస్తకం చదివే తీరిక దొరుకుతుందోయ్. అది చెత్తయితే ఆ నెల పోయినట్టే. నీకు దసరాకు సెలవులు, సంక్రాంతికి సెలవులు, ఎండలకు సెలవులు. నువ్వు చదివి చెప్పు, నేను నమ్ముతాను" అన్నాడు.

ఈ మాటకు నా దగ్గిర జవాబు లేదు. ఎందుకంటే అది సరయిన మాట. నాకు సెలవుల్లో కూడా జీతం వస్తుంది. ఆ జీతం ఎక్కణ్ణుంచి వస్తుందో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ తీరిక నాది కాదు, నా దగ్గిర దాచినది. పొరపాటున చెత్త చదివినా నాకు పోయేదేమీ లేదు. ఒక మధ్యాహ్నం పోతుంది. అతనికి నెల పోతుంది. అంచేత ఎవరికి పొరపాటు చవకో, వాళ్లే ముందు చదవాలి. పైగా నేను క్లాసులో ఒక పేరు చెబితే అరవైమంది రాసుకుంటారు. ఆ చెల్లుబడి నా ప్రతిభ వల్ల వచ్చింది కాదు, నా కుర్చీ వల్ల వచ్చింది. 1902లో ఆ పాఠకురాళ్లకు ఆ కుర్చీ లేదు.

"పేరులేని పత్రికల్లో వచ్చేది నూటికి తొంభై పాళ్లు చెత్తే కదా" అని మా సహోద్యోగులు అంటారు. కావచ్చు. పేరున్నవాళ్లు పండుగ సంచికలకు గడువు ముంచుకొస్తుంటే రాసిచ్చినవాటిలో చెత్త పాలెంతో వాళ్లు ఎప్పుడన్నా లెక్క వేశారా? అయినా చదవటం వేరు, మెచ్చుకోవటం వేరు. నేను చదవమంటున్నాను. బాగాలేకపోతే బాగాలేదని రాయమంటున్నాను. చదవకుండా మెచ్చుకునే జబ్బు మనకు ఎలాగూ వుంది. ముందుమాట రాసిన పెద్దలు కూడా పూర్తిగా చదవని పుస్తకాలు నేను చూశాను. పేజీలు అంటుకునే వుంటాయి.

ఇంకో మాట కూడా అంటారు: మంచివి ఏరిపెట్టేవాళ్లు వున్నారు కదా, వాళ్లు ఏరినవి చదివితే చాలదా? కథాసాహితి వారు 1990 నుంచి ఏటా "కథ" సంకలనం తెస్తున్నారు. అది లేకపోతే మనం చాలా మంచి కథలు పోగొట్టుకునేవాళ్లం. కాని ఆ సంకలనం చేతిలో వుంది గనక పత్రికలు చదవనక్కరలేదనుకోవటం, ఇంట్లో ఒకరు ఓటు వేస్తే మిగిలినవాళ్లు వెయ్యనక్కరలేదనుకోవటం లాంటిది. కాళీపట్నం రామారావు మాస్టారు ఈ విషయం మనందరికన్నా బాగా గ్రహించారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచినప్పుడు ఆయన మంచి కథల్ని ఏరుకోలేదు. అచ్చయిన తెలుగు కథ ప్రతి ఒక్కటీ కావాలన్నారు. ఏది నిలబడుతుందో ముందుగా తెలుసుకోగలిగిన మొనగాడు ఎవడూ లేడని ఆయనకు తెలుసు. జీవితమంతా బడిపంతులుగా పనిచేసిన మనిషి, తన తీరికను ఎవరికి బాకీపడ్డాడో వాళ్లకు అలా చెల్లించాడు.

ఇక మన ఇంటి సంగతి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినప్పుడు ఆ కుర్రాళ్లకు ఎవరి పూచీ వుంది? పెద్దలు వాళ్లను చూసి మొగం చిట్లించారు. వాళ్ల రచనలను చదివి పైకి చెప్పినవాళ్లు కొద్దిమంది. ఆ సాహసం వల్ల మనం వున్నాం. ఇప్పుడు ఒక కొత్త పత్రిక మన చేతికి వస్తే ముందుగా ఏం చేస్తాం? అట్ట వెనక సంపాదకవర్గం పేర్లు చూస్తాం. మనవాడయితే చదవకుండా చందా కడతాం. మనవాడు కాకపోతే చదవకుండా పక్కన పెడతాం. రెంటిలోనూ చదవటం అనే పని లేదు. ఇది అభ్యుదయమా? పత్రికకు దృక్పథం వుండాలి, పాఠకుడికీ వుండాలి. నేను కాదనను. కాని దృక్పథం పుస్తకం తెరిచాక పనిచెయ్యాలి. తెరవకముందే పనిచేస్తే దాన్ని పక్షపాతం అంటారు. దళిత రచయితల కథలు, స్త్రీల కథలు, ముస్లిం రచయితల కథలు వచ్చిన కొత్తలో మనలో కొందరు పెద్దలు "ఇది ఏ ధోరణి?" అని అడిగినంత తొందరగా "ఇందులో ఏముంది?" అని అడగలేదు. ఆ ఆలస్యానికి మూల్యం ఆ రచయితలు చెల్లించారు.

నా సిగ్గు సంగతి చెబుతానన్నాను. ఒక చిన్న వూళ్లో ఒక స్కూలు మాస్టరు నలభైఎనిమిది పేజీల పత్రిక నడిపేవాడు. రెండేళ్లపాటు నాకు ఉచితంగా పంపాడు. నేను ఒక్కటీ విప్పలేదు. స్టాఫ్‌రూములో నా బల్ల మీద దొంతరగా పెరుగుతూ వుండేది. తరవాత రావటం మానేసింది. మానేసిన సంగతి కూడా నేను గమనించలేదు. తపాలా ఖర్చు పెరిగిపోవటం అప్పటికే పత్రికలవాళ్ల గొంతు నులుముతున్నది. ఆ తరవాత 2024 డిసెంబరులో రిజిస్టర్డు బుక్‌పోస్టు సౌకర్యం ఎత్తివేశారు. 2025 మేలో పుస్తకాలకు జ్ఞాన్ పోస్టు అని ఒకటి తెచ్చారనుకోండి. ఆ మాస్టరు పత్రిక మాత్రం దానికి చాలా ముందే ఆగిపోయింది.

ఒక వేసవిలో బల్ల ఖాళీ చేస్తూ ఆ దొంతర విప్పాను. నాలుగో సంచికలో ఒక కథ వుంది. మిరపకాయలు ఏరటానికి పోయిన తల్లీ కూతుళ్ల కథ. సాయంకాలం ఇంటికొచ్చాక కూతురు మండే చేతులతో రికార్డు పుస్తకంలో బొమ్మ వెయ్యలేక నీళ్ల గిన్నెలో వేళ్లు పెట్టుకు కూచుంటుంది. తల్లి ఆ రికార్డు తీసుకుని, ఏమీ రాయటం రాక, పేజీకి అంచులు మాత్రం గీసిపెడుతుంది. అంతే కథ. లోపాలున్నాయి. మొదటి పేజీ అనవసరం. కాని ఆ గీసిన అంచులు నన్ను వదలలేదు. కింద పేరు చూశాను. ఆ సంచిక వచ్చిన ఏడు నా క్లాసులో మూడో బెంచీలో కూచున్న అమ్మాయి. ఆ ఏడే నేను ఆ క్లాసుకు "కథానిక లక్షణాలు" నోట్సు చెప్పాను.

ఆమె నంబరు సంపాదించి ఫోను చేశాను. పెళ్లయింది, పక్క జిల్లాలో వుంటున్నది. కథ బాగుందని చెప్పాను. ఇంకేమన్నా రాశావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ పత్రిక మీ బల్ల మీద చూశాను సార్. మీరు చదివే వుంటారు, నచ్చలేదు గనక ఏమీ అనలేదు అనుకున్నాను" అంది.

నేను చదవలేదని చెప్పాను. అది ఆమెకు ఓదార్పుగా వుంటుందని ఆ క్షణంలో ఎందుకనుకున్నానో నాకు తెలియదు. నా మౌనాన్ని ఆమె తీర్పు అనుకుంది. నేను తీర్పు చెప్పనే లేదు. కాని మూడో బెంచీలో కూచున్న మనిషికి ఆ రెంటికీ తేడా ఏముంటుంది? చదివి పారెయ్యటం కన్న చదవకపోవటం పెద్ద తప్పు అని అప్పటినుంచి అనుకుంటున్నాను. చదివి బాగాలేదంటే రచయిత కోపం తెచ్చుకోవచ్చు, జవాబు చెప్పవచ్చు, మళ్లీ రాయవచ్చు. చదవనివాడితో ఎలా పోట్లాడటం?

ఈ దసరాకు నేను ఎవరినీ పుస్తకం పేరు అడగలేదు. బల్ల మీద వున్న కవర్లన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. పదకొండు వున్నాయి. ఒకటి పలాస నుంచి, ఒకటి ఆదిలాబాదు నుంచి, రెండు బెంగుళూరులో వున్న తెలుగు కుర్రాళ్లు తెచ్చినవి, ఒకటి కవితలు రాసుకుని తనే అచ్చు వేయించుకున్న ఒక రిటైరయిన కానిస్టేబులుది. ఆ కానిస్టేబులు కవితలు బాగాలేవు. ఎందుకు బాగాలేవో ఒకటిన్నర పేజీ ఉత్తరం రాసి నిన్న పోస్టు చేశాను. ఆదిలాబాదు పత్రికలో పత్తి జిన్నింగు మిల్లు మీద ఒక కథ సగంలో వున్నాను. ఇప్పటివరకు బాగానే వుంది. మా మెకానిక్కు మిత్రుడు ఆదివారం వస్తానన్నాడు. ఈలోగా అది పూర్తి చెయ్యాలి.